మెనియే పాపకు రెండు గోడలు: ప్రాజెక్టు డైరీ

మార్చి 9, ఆదివారం

భోజనాల గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మూడేళ్లుగా ఖాళీగా ఉంది. పొడవు 340 సెంటీమీటర్లు. ఏది పెట్టినా చిన్నదైపోతోంది. ఇవాళ దానికి తగిన బొమ్మ దొరికింది.

మా పేటలో ఈరోజు వీద్-గ్రెనియే. అంటే వీధిలోని వాళ్లంతా అటక మీది పాత సామాను కిందికి దించి ఇంటి ముందు బల్లలేసుకుని అమ్ముకునే రోజు. ఒకాయన బల్ల కింద రబ్బరు బ్యాండు వేసి చుట్టిన పోస్టర్ కనిపించింది. విప్పగానే గుర్తుపట్టాను. మెనియే అనే పాత ఫ్రెంచి చాక్లెట్ కంపెనీ ప్రకటనలోని పాప. వెడల్పు 80, ఎత్తు 120 సెంటీమీటర్లు. మడతల గుర్తులు, పసుపు తిరిగిన అంచులు, ఒక మూల చిన్న చిరుగు. 45 యూరోలు ఇచ్చి, ఎవరికీ తగలకుండా గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చాను.

ఈ పాపను ఫిర్మాన్ బ్వీసే అనే చిత్రకారుడు 1892లో గీశాడు. పాప మనవైపు వీపు పెట్టి నిలబడి, చాక్లెట్ ముక్కతో గోడ మీద ‘షొకొలా మెనియే’ అని రాస్తూ ఉంటుంది. జడ కనిపిస్తుంది, ముఖం కనిపించదు. బ్వీసే తన కూతురు ఇవోన్‌ను చూసి గీశాడని చెబుతారు. ముఖం లేకపోవడం వల్లనే ఆ పాప ఎవరింటి పిల్లైనా కావచ్చు. పిల్లలు గోడల మీద రాయని ఇల్లు ఎక్కడుంది?

మాకు ఇంకో కారణం కూడా ఉంది. మేముండేది న్వాజియెల్‌లో, పారిస్‌కు తూర్పున, మార్న్ నది ఒడ్డున. మెనియే ఫ్యాక్టరీ ఈ ఊళ్లోదే. 1825లో మెనియే ఇక్కడి నీటిమర కొన్నది చాక్లెట్ కోసం కాదు, మందుల పొడులు విసరడానికి. మొదట్లో చాక్లెట్ వాళ్లకు చేదు మందు పైన వేసే పూత మాత్రమే. తర్వాత పూతే అసలు సరుకైంది. 1872లో ఆర్కిటెక్ట్ జ్యూల్ సోనియే నదికి అడ్డంగా కట్టిన మిల్లు ఇప్పటికీ ఉంది. ఇనుప చట్రం బయటికే కనిపిస్తుంది, మధ్యలో రంగురంగుల ఇటుక. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా నేను దాన్ని చూస్తూ కాసేపు నిలబడతాను. ఆ మిల్లు సరుకు అమ్మిపెట్టిన పాప మా గోడ మీద ఉండడం కంటే న్యాయం ఏముంటుంది!

మార్చి 11, మంగళవారం

ఇవాళ రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫ్రేముకిచ్చే ముందు పోస్టర్‌ను పరీక్షించుకోమని చదివి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తెప్పించాను. పాప గౌను మీద పెట్టి చూశాను. చుక్కలు. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరసగా, కొలిచి పెట్టినట్టు, చిన్నచిన్న పువ్వుల్లా. అది ఆఫ్‌సెట్ ముద్రణ గుర్తు, అంటే తర్వాతి కాలపు యంత్రపు అచ్చు. 1892 నాటి పోస్టర్ రాతి మీద గీసి అచ్చేసింది కాబట్టి దాంట్లో ఇంత క్రమమైన చుక్కలుండవు. చేత్తో చల్లిన, చేత్తో గీసిన రవ్వలు ఉండాలి, ఏ రెండూ ఒకేలా ఉండకుండా.

మనసు ఒప్పుకోక రెండో పరీక్ష కూడా చేశాను. దీపాలు ఆర్పి, నోట్లు చూసే నీలిరంగు యూవీ టార్చ్ వేశాను. కాగితం తెల్లగా, ఉతికిన చొక్కాలా మెరిసింది. కాగితంలో తెలుపు పెంచే రసాయనాలు కలపడం 1950 ప్రాంతం నుంచే మొదలైంది. పాత కాగితం ఆ వెలుగులో మసకగా, మట్టిరంగులోనే ఉండిపోతుంది. పైగా కింది అంచున ముద్రణాలయం పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అంచుల పసుపు ఎండదో, ఎవరో టీ నీళ్లతో పూసిందో చెప్పలేను.

పోస్టర్ పైభాగంలో బ్వీసే కాలం నాటి హెచ్చరిక ఉంది, నకిలీలకు దూరంగా ఉండండి అని. దాన్ని చదువుతూ చాలాసేపు కూర్చున్నాను.

మా ఆయన మాత్రం ‘‘బొమ్మ నీకు నిన్న నచ్చింది కదా, ఇవాళ మారలేదుగా’’ అన్నారు. అందులో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది నిజమో తేల్చుకోవాలనిపించింది. ఈ ప్రాజెక్టు అసలు మొదలైంది ఇక్కడే.

మార్చి 15, శనివారం

పారిస్ పక్కనే ఉన్న సాంతువాన్ పాతసామాన్ల సంతకు వెళ్లాను. యానాం నుంచి మూడు నెలలకని వచ్చిన మా అత్తయ్య కూడా వచ్చారు. పోస్టర్లు మాత్రమే అమ్మే ఒక కొట్టు యజమానురాలు, నేను భూతద్దంతో చూస్తానంటే అడ్డు చెప్పలేదు. జ్యూల్ షెరే పోస్టర్ ఒకటి బల్ల మీద పరిచి, తనే దీపం దగ్గరకు జరిపింది.

రాతి అచ్చుతో రంగుల పోస్టర్లు వేసే ఈ విద్యకు షెరేనే మూలపురుషుడు. అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే మనిషి కొడుకు. లండన్‌లో పని నేర్చి, 1866లో పారిస్‌లో సొంత ప్రెస్సు పెట్టుకున్నాడు. జీవితంలో వెయ్యికి పైగా పోస్టర్లు చేశాడు. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయి నున్నగా అరగదీసి, దాని మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపితే బొమ్మ లేని చోట నీళ్లు నిలుస్తాయి. తర్వాత జిడ్డు సిరా రోలర్ తిప్పితే నీళ్లున్న చోట అంటదు, బొమ్మకే అంటుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అచ్చు అయిపోయాక రాయిని మళ్లీ అరగదీసి ఇంకో బొమ్మకు వాడతారు. అంటే అసలు పోస్టర్‌ను మళ్లీ అచ్చేయడానికి మూలమే మిగలదు. ఈ మాట నాకు ఇవాళే నిజంగా అర్థమైంది.

భూతద్దంలో షెరే పసుపు చూశాను. ఇసుక చల్లినట్టుంది. కుంచెను జాలీ మీద రుద్ది సిరా తుంపర్లు రాయి మీద పడేలా చేసేవాళ్లట. ఒక చోట చిక్కగా, ఒక చోట పలచగా, చెయ్యి ఎక్కడ అలిసిందో కూడా తెలిసేలా ఉంది. మంగళవారం చూసిన చుక్కలకూ దీనికీ ఎంత దూరం!

అత్తయ్య ఈలోగా కొట్టంతా చూసి, కాపియెల్లో అనే చిత్రకారుడు 1906లో మోరాన్ కీనా అనే మద్యానికి గీసిన పోస్టర్ ముందు ఆగారు. నల్లని నేపథ్యంలో సీసా మూత తీస్తున్న పచ్చటి దెయ్యం. ‘‘దీన్ని మాత్రం అన్నం తినే గదిలో పెట్టకమ్మా’’ అన్నారు. కాపియెల్లోకు కావలసింది సరిగ్గా ఇదే అనుకుంటాను. నడిచిపోయే మనిషి అర నిమిషం కూడా ఆగడు, ఆ కొద్దిసేపట్లోనే బొమ్మ బుర్రలో దిగిపోవాలి. యానాం నుంచి వచ్చిన ఆమె మీద కూడా, నూట పందొమ్మిదేళ్ల తర్వాత, అది పని చేసింది.

సంత నుంచి వస్తుంటే ఒక పాత గోడ మీద పెయింటుతో రాసి ఉంది: పోస్టర్లు అంటించరాదు, 1881 జూలై 29 చట్టం. ఫ్రాన్స్‌లో ఈ రాత ఇప్పటికీ చాలా గోడల మీద కనిపిస్తుంది. ఆ చట్టం పత్రికలకూ పోస్టర్లకూ స్వేచ్ఛ ఇచ్చింది. ఫలానా చోట తప్ప ఎక్కడైనా అంటించుకోవచ్చు అన్న తర్వాతే పారిస్ గోడలు రంగులతో నిండిపోయాయి. అదే చట్టం తెల్ల కాగితాన్ని ప్రభుత్వ ప్రకటనలకే ఉంచింది. అత్తయ్య ఆ రాతను నెమ్మదిగా కూడబలుక్కుని చదివేశారు. 1954 జూన్‌లో యానాం ఫ్రెంచివాళ్ల చేతి నుంచి వచ్చేసరికి వాళ్ల నాన్నగారు అక్కడి కచేరీలో దస్త్రాలు కుట్టేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న అక్షరాలు ఇంకా పోలేదు.

మార్చి 22, శనివారం

నిర్ణయం తీసుకున్నాను. రాసి పెట్టుకుంటే వెనక్కి పోను.

పోస్టర్‌లో రెండు సంగతులున్నాయి. ఒకటి సైజు. అది వీధిలో, గుంపులో, గుర్రపు బండ్ల మధ్య నుంచి కేక వేయాలి. రెండోది సిరా. రాయి మీది నుంచి కాగితం మీదికి దిగిన ఆ రవ్వలు. రెండూ ఉన్న అసలు పోస్టర్ కొనే తాహతు మాకు లేదు. కాపీని అసలుదిగా చూపించడం నాకు ఇష్టం లేదు. కాబట్టి రెండు గోడలు.

పెద్ద గోడకు నా దగ్గరున్న ఆఫ్‌సెట్ కాపీనే. దాన్ని గుడ్డ మీద ఎక్కిస్తాను. ఈ పనిని ఇక్కడ ఆంత్వాలాజ్ అంటారు. సిరా కోసం వేరేది. సాంతువాన్ కొట్టులో అడిగితే ఆమె ఒక పలుచని కాగితం తీసింది. 1895 డిసెంబర్ నుంచి 1900 నవంబర్ వరకు షెరే, షే ప్రెస్సువాళ్లు కలిసి నెలనెలా ‘లే మేత్ర్ ద లాఫీష్’ అని పేరున్న పోస్టర్లను చిన్న సైజులో లిథోగా, అంటే రాతి అచ్చుగా వేసి చందాదారులకు పంపేవాళ్లు. మొత్తం 256 బొమ్మలు. కాగితం సుమారు 29 బై 40 సెంటీమీటర్లు. కింది మూల షెరే గీసిన ముద్ర, సిరా లేకుండా ఉబ్బెత్తుగా వేసింది. ఆ 256లో మెనియే పాప కూడా ఉంది! వేలితో తాకితే ముద్ర తగిలింది. ఇంటి అలంకరణకని పెట్టుకున్న డబ్బులు మొత్తం దానికే పోయాయి. ఒక్క క్షణం కూడా బాధ పడలేదు.

ఇలా కొనడం కుదరని వాళ్లకోసం ఒక మాట. పారిస్ నగర మ్యూజియంలు 2020 జనవరి నుంచి లక్షకు పైగా బొమ్మలను ఉచితంగా దించుకోనిస్తున్నాయి. షెరే 1932లో, బ్వీసే 1925లో పోయారు. వాళ్ల బొమ్మలు ఇప్పుడు అందరివీ. మంచి కాగితం మీద అచ్చు వేయించుకోండి, తప్పేమీ లేదు. కసాండ్ర్ సంగతి వేరు. నార్మండీ ఓడ పోస్టర్ గీసిన ఆయన 1968లో పోయారు, హక్కులు ఇంకా వారసులవే.

ఏప్రిల్ 5, శనివారం

బంక తయారీ.

మంచి పోస్టర్‌ను ఇంట్లో గుడ్డకు ఎక్కించకూడదు, అది చెయ్యి తిరిగిన వాళ్ల పని. నాది కాపీ కాబట్టే ధైర్యం చేశాను. గుడ్డ, పోస్టర్ మధ్య ఆమ్లం లేని పలుచని కాగితం, అన్నిటినీ పట్టి ఉంచేది గోధుమ స్టార్చ్ బంక. దాని గొప్ప గుణం, మళ్లీ తడిపితే వదిలేస్తుంది. ఎప్పుడో ఎవరికో ఇది విప్పాల్సి వస్తే కాగితం చిరగకుండా విప్పగలగాలి.

అత్తయ్య మైదా డబ్బా తీశారు. వాళ్ల నాన్నగారు మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవారట. మైదాలో గ్లూటెన్ ఉంటుంది, అది పసుపు తిరుగుతుంది, పురుగుకు అదే ఇష్టం. స్టార్చ్‌లో ఆ గ్లూటెన్ తీసేసి ఉంటుంది. మైలుతుత్తంలో రాగి ఉంది, రాగి కాగితాన్ని కాలక్రమంలో పెళుసు చేస్తుంది. ఇదంతా చెప్పాక ఆమె కాసేపు ఆలోచించి, ‘‘అందుకేనేమో మా నాన్న కుట్టిన పుస్తకాలకు అట్టల దగ్గర గోధుమరంగు మచ్చలొచ్చేవి’’ అన్నారు. వాదన అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత గరిటె నా చేతిలో నుంచి తీసుకున్నారు.

ఒక వంతు స్టార్చ్, ఐదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి అరగంట నానబెట్టాం. తర్వాత సన్నటి సెగ మీద ఆపకుండా తిప్పుతూ ఇంకో అరగంట. తెల్లని పాలలా ఉన్నది బూడిదరంగు గాజులా మారి గరిటెను పట్టుకుంది. చల్లార్చి టీ వడగట్టే జాలీలోంచి మూడుసార్లు నెట్టాం. ‘‘ఆవిరికుడుము పిండి కంటే మొండిగా ఉందమ్మా’’ అన్నారు. చివరికి నీళ్లు కలిపి పెరుగంత పలచన చేసుకున్నాం.

ఏప్రిల్ 12, శనివారం

మొదటి ప్రయత్నం పోయింది.

నేల మీద పెద్ద నున్నటి బోర్డు. దాని మీద తడి నూలు గుడ్డను లాగి, అంచులకు పిన్నులు కొట్టాం. బంక పూసి పలుచని కాగితం పరిచాం, బాగానే వచ్చింది. అంతకు ముందు పోస్టర్ ఒక మూల నీటి బొట్టు పెట్టి తెల్ల కాగితంతో అద్ది చూశాను, రంగు రాలేదు. పోస్టర్‌ను ప్లాస్టిక్ షీట్ మీద బోర్లా వేసి వెనక తడిపి, బంక పూసి, షీట్‌తో సహా ఎత్తి తిప్పి వేశాం. నేనొక వైపు, మా ఆయన ఒక వైపు. మధ్య నుంచి అంచుల దాకా కుంచెతో నిమిరాను.

గంట తర్వాత పాప నడుము దగ్గర బుడగలు లేచాయి. అరచేతంత రెండు, చిన్నవి లెక్కలేనన్ని. కారణం తర్వాత అర్థమైంది. తడిసిన కాగితం సాగుతుంది, అది కూడా ఒక దిక్కున ఎక్కువగా. పూర్తిగా సాగకముందే అంటించేస్తే, అంటిన తర్వాత మిగతాది సాగి ఉబ్బుతుంది. నేను ఐదు నిమిషాలే ఆగాను.

బుడగను సూదితో పొడిచి నొక్కేద్దామన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. పొడిస్తే ఆ గుర్తు ఎప్పటికీ ఉంటుంది. మొత్తం మళ్లీ తడిపి, ఒక మూల నుంచి ఊపిరి బిగబట్టి ఎత్తుతూ పోయాం. వదిలేసింది. చిరుగున్న మూల మాత్రం ఇంకో రెండు సెంటీమీటర్లు చిరిగింది. అయినా స్టార్చ్ బంక చెప్పిన మాట నిలబెట్టుకుంది. రాత్రి పన్నెండు దాటింది.

ఏప్రిల్ 19, శనివారం

రెండో ప్రయత్నం. ఈసారి తడిపిన కాగితాన్ని ప్లాస్టిక్ కింద 25 నిమిషాలు ఉంచాను. బంక ఇంకాస్త పలచన చేశాను. చిరుగు అంచులు ఒకదానికొకటి ఆనేలా పేర్చి, వెనక జపాన్ కాగితం ముక్క పెట్టాం. పరిచాక ఒక్క బుడగ లేదు.

మడత దగ్గర తెల్లటి గీతలున్నాయి. నీటిరంగుతో పూడ్చేద్దామా అని కుంచె కూడా తీశాను. మళ్లీ పెట్టేశాను. ఎవరో ఈ కాగితాన్ని ఎన్నాళ్లో మడిచి దాచుకున్నారు. కాపీ అయినా దానికంటూ ఒక బతుకు ఉంది. చిరుగును మాత్రం మూశాను, ఎందుకంటే మూయకపోతే పెరుగుతుంది.

ఏప్రిల్ 26, శనివారం

వారం ఆరింది. బిగుసుకుని, వేలితో తడితే డోలక్‌లా మోగుతోంది. బోర్డు నుంచి కోసి చెక్క చట్రానికి బిగించాం. అద్దం పెట్టడం లేదు. వీధి పోస్టర్‌కు అద్దం ఉండేది కాదు, పైగా ఇది పాడైతే ఇంకోటి అచ్చేయించుకోవచ్చు.

చిన్న లిథో పని నిదానంగా చేశాను. దానికి గుడ్డ అక్కర్లేదు, కాగితం గట్టిగా ఉంది. ఆమ్లం లేని అట్టలో కిటికీ కోసి, జపాన్ కాగితపు చిన్న పట్టీలు రెండు స్టార్చ్ బంకతో పై అంచుకు మాత్రమే అంటించాను. నాలుగు వైపులా అంటిస్తే తేమ మారినప్పుడు కాగితం సాగలేక ముడతలు పడుతుంది. టేపు అసలు వద్దు, దాని జిగురు పసుపు మచ్చగా కాగితంలోకి దిగిపోతుంది. యూవీని ఆపే అద్దం వేశాను, అట్ట మందం వల్ల అది బొమ్మకు తగలదు.

ఇదంతా చూసి అత్తయ్యకు యానాంలో దేవుడి గదిలోని లక్ష్మీదేవి పటం గుర్తొచ్చింది, వాళ్ల అత్తగారి నాటిది. మా మరిదికి ఫోన్ చేసి, కెమెరా దగ్గరగా పెట్టి ఫొటో పంపమన్నాం. ‘‘దేవుడి పటానికి పరీక్షలేంటమ్మా’’ అని అత్తయ్య ముందు కోప్పడ్డారు. ఫొటో వచ్చాక కళ్లద్దాలు తెచ్చుకుని నాకంటే ముందు ఆమే చూశారు. అమ్మవారి చెంప మీద చేత్తో పెట్టిన చుక్కలు, చిన్నవీ పెద్దవీ, వరస లేకుండా. రవివర్మ ముంబైలో 1894లో ప్రెస్సు పెట్టి, జర్మనీ నుంచి యంత్రాలు తెప్పించి అచ్చేయించింది కూడా రాళ్ల మీదే. ఈ పటం ఆ ప్రెస్సుదో కాదో ఫొటో చూసి చెప్పలేం, రాతి అచ్చు అని మాత్రం తెలుస్తోంది. పారిస్ గోడల మీది చాక్లెట్ పాపా, మన దేవుడి గదిలో అమ్మవారూ ఒకే విద్యకు పుట్టినవాళ్లని అత్తయ్యకు చెప్పాను. ఫొటో తన ఫోన్‌లోకి పంపించమన్నారు.

మే 4, ఆదివారం

వెలుతురు కొలిచాను. కాగితం మీది బొమ్మలకు మ్యూజియంలు పెట్టుకునే హద్దు 50 లక్స్ దగ్గర. భోజనాల గది గోడ మీద మధ్యాహ్నం 900 పైనే చూపించింది. కిటికీ లేని నడవలో, దీపం వేస్తే 40. కాబట్టి లిథో నడవలో, కాపీ వెలుతురులో. మార్చిలో నేను అనుకున్న రెండు గోడలు సరిగ్గా ఇవే అయ్యాయి.

కాపీని ఎంత ఎత్తులో పెట్టాలన్న దగ్గర ఇంట్లో చర్చ నడిచింది. మామూలుగా బొమ్మ మధ్యభాగం కంటి ఎత్తున, 150 సెంటీమీటర్ల దగ్గర ఉండాలంటారు. ఆ లెక్కన పాప గాల్లో తేలుతోంది. నేను కిందికి దించుతూ పోయి, కింది అంచు నేల నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఆపాను. అక్కడ పాప మా నేల మీద నిలబడి, మా గోడ మీద రాస్తున్నట్టు ఉంది. కుర్చీలు తగులుతాయని అత్తయ్య అన్నారు. బల్లను ఒక అడుగు ఇవతలికి లాగాం.

మే 17, శనివారం

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఇవాళ పొద్దున్న పోస్టర్ పక్కన ఖాళీ గోడ మీద పెన్సిల్‌తో ‘చాక్లెట్’ అని తెలుగులో రాసింది, పాప చెయ్యి ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో. క్లె కింద ల వత్తు మర్చిపోయి, తర్వాత పక్కన ఇరికించింది. వాళ్ల నాన్న తుడిచే గుడ్డ తెచ్చారు. నేను ఆగమన్నాను.

ఈ సాయంత్రం లెక్కలు: నడవలో తేమ 52 శాతం, లిథో అట్టలో ముడత లేదు. గుడ్డ మీది కాపీ ఎడమ పై మూల కొద్దిగా వదులైంది, చట్రం మూలలో చెక్క మేకు ఒకటి దిగ్గొట్టాను. మళ్లీ చూడాల్సింది జూన్ 14న.